మందుకు లొంగని పుండు, వాయువుతో వైద్యం: ఒక నేపథ్యం

అలిపిరి నుంచి తిరుమలకు 3,550 మెట్లు వట్టి కాళ్లతో ఎక్కే భక్తుల్లో మధుమేహం ఉన్నవారూ ఉంటారు. పాదాల్లో స్పర్శ తగ్గినవారికి అరికాలు చిట్లిన సంగతి ఒక్కోసారి చీము పట్టాక గాని తెలియదు. ఆ పుండులో చేరిన సూక్ష్మజీవి యాంటీబయాటిక్‌లకు లొంగకపోతే వేలో, పాదమో తీసేయవలసి రావచ్చు. వాయువులతో ఇన్ఫెక్షన్లను నయం చేయవచ్చన్న ఆలోచన తిరుపతివాళ్లకు సంబంధించినది కావడానికి ఇదే కారణం.

చాలీచాలని మోతాదులు సూక్ష్మజీవులను మొండిగా మారుస్తాయని పెనిసిలిన్‌ను కనుగొన్న ఫ్లెమింగ్ 1945లోనే, తన నోబెల్ ఉపన్యాసంలో హెచ్చరించారు. మెథిసిలిన్ అనే యాంటీబయాటిక్ వచ్చిన కొద్దికాలానికే, 1961లో, దానికి లొంగని స్టెఫిలోకాకస్ అనే బాక్టీరియాను బ్రిటన్‌లో గుర్తించారు. చివరి అస్త్రంగా దాచుకోవలసిన కొలిస్టిన్ అనే యాంటీబయాటిక్‌ను కోళ్లకు, పశువులకు వాడటాన్ని మన దేశం 2019లో గాని నిషేధించలేదు. కోళ్ల ఫారాలున్న చిత్తూరు వంటి జిల్లాల దృష్టితో చూస్తే అది చాలా ఆలస్యమైన నిర్ణయమే.

1960ల మొదట్లో ఆమ్‌స్టర్‌డామ్‌లో శస్త్రవైద్యుడు బూరెమా బృందం గ్యాస్ గాంగ్రీన్ (కండరాలు కుళ్లిపోయే ఇన్ఫెక్షన్) రోగులను అధిక పీడనపు గదిలో ఉంచి ఆక్సిజన్ పీల్పించింది. ఆ జబ్బుకు కారణమైన, గాలి సోకని చోట పెరిగే క్లోస్ట్రిడియం బాక్టీరియాకు ఆక్సిజనే విషం. పైగా, అమైనోగ్లైకోసైడ్ల వంటి యాంటీబయాటిక్‌లు బాక్టీరియా లోపలికి చేరడానికి ఆక్సిజన్ కావాలి కనుక, ఈ చికిత్స మందుకు పోటీ కాదు, తోడు.

మరో వాయువు, నైట్రిక్ ఆక్సైడ్ కథ ఇంకా ఆసక్తికరమైనది. మన శరీరంలోని రక్షణ కణాలు సూక్ష్మజీవులను చంపడానికి దీన్ని స్వయంగా తయారుచేసుకుంటాయని 1980ల చివర్లో తేలింది. రక్తనాళాల్లో దాని పాత్రను వెల్లడించిన ముగ్గురికి 1998లో నోబెల్ బహుమతి లభించగా, మరుసటి ఏడాది అమెరికా దాన్ని శ్వాస అందని నవజాత శిశువుల చికిత్సకు అనుమతించింది. అక్కడ మోతాదు గాలిలో పది లక్షల భాగాలకు 20 భాగాలు మాత్రమే. ఊపిరితిత్తులకు సోకే మొండి బాక్టీరియా మైకోబాక్టీరియం ఆబ్సెసస్‌పై జరిగిన ప్రయోగాల్లో 160 భాగాలు, అదీ విడతలు విడతలుగా ఇచ్చారు. ఎక్కువసేపు ఇస్తే రక్తంలోని హిమోగ్లోబిన్ ఆక్సిజన్ మోయలేని రూపంలోకి మారుతుంది. ఆక్సిజన్‌తో కలిస్తే ఈ వాయువు ఊపిరితిత్తులకు హానిచేసే నైట్రోజన్ డయాక్సైడ్ అవుతుంది.

ఒకే చోట కాక డీఎన్‌ఏ, ప్రొటీన్లు, ఇనుముతో కూడిన ఎంజైములు అన్నింటినీ నైట్రిక్ ఆక్సైడ్ దెబ్బతీస్తుంది కాబట్టి నిరోధకత తేలిగ్గా రాదని పరిశోధకుల ఆశ. అయినా స్టెఫిలోకాకస్ ఆరియస్‌కు ఈ వాయువును తట్టుకునే ఎంజైములు ఇప్పటికే ఉన్నాయి. మొండి ఇన్ఫెక్షన్లపై నైట్రిక్ ఆక్సైడ్ వాడకం ప్రయోగ దశలోనే ఉంది. పాదం మీద పుండు పడినవారికి ఈ రోజుకూ ముందుగా కావలసింది శుభ్రమైన కట్టు, చక్కెర అదుపు, ఏ సూక్ష్మజీవి ఉందో, అది ఏ మందుకు లొంగుతుందో తేల్చేందుకు మందు రాయకముందే చేయించే కల్చర్ పరీక్ష.