గుండె మాత్రలు, మతిమరుపు

హార్ట్ ఫెయిల్యూర్‌తో ఆసుపత్రిలో చేరి ఇంటికొచ్చే మనిషికి డిశ్చార్జి కాగితాలతో పాటు బోలెడు పనులు అప్పగిస్తారు. పొద్దున్నే ఒంటికి వెళ్ళొచ్చి, టిఫిన్‌కు ముందే బరువు చూసుకోవాలి. మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే డాక్టరుకు ఫోన్ చేయాలి. ఉప్పు తగ్గించాలి, తాగే నీళ్ళకు లెక్క ఉండాలి. నీరు తీసే మాత్ర పొద్దున, రక్తం పలచబరిచేది రాత్రి, షుగర్‌ది అన్నానికి ముందు, బీపీది సగం ముక్క. కొడుకు దగ్గర ఉందామని కడప నుంచి వైట్‌ఫీల్డ్ అపార్ట్‌మెంటుకు వచ్చిన పెద్దాయనకైనా, చిక్‌పేటలో పుట్టి పెరిగిన తెలుగు వ్యాపారికైనా ఇదే వరస. జబ్బు గుండెదే కానీ, ఇవన్నీ గుర్తుపెట్టుకుని వరసగా చేయాల్సింది బుర్ర. ఈ జబ్బు మెల్లమెల్లగా దెబ్బతీసేదీ ఆ బుర్రనే.

హార్ట్ ఫెయిల్యూర్ అంటే గుండె ఆగిపోవడం కాదు. ఒంటికి కావలసినంత రక్తాన్ని తోయలేక, లేదా తోయడానికి బాగా శ్రమపడుతూ గుండె కొట్టుకోవడం. ఊరికే కూర్చున్నప్పుడు ఆరోగ్యంగా ఉన్న గుండె నిమిషానికి సుమారు 5 లీటర్ల రక్తం తోస్తుంది. ఒంటి బరువులో 2 శాతమే ఉండే మెదడు అందులో దాదాపు 15 శాతం తీసుకుంటుంది, ఆక్సిజన్‌లోనైతే ఐదో వంతు. దాచుకునే వీలు దానికి దాదాపు లేదు. ఎప్పటికప్పుడు అందాల్సిందే. అందుకే రక్తపోటు కాస్త అటూ ఇటూ అయినా మెదడులోని రక్తనాళాలు తమంతట తామే వెడల్పయి, సన్నబడి, సరఫరా తగ్గకుండా చూసుకుంటాయి. ఏళ్ళ తరబడి బీపీ, షుగర్ ఉన్నవాళ్ళ నాళాలు గట్టిపడి ఉంటాయి కాబట్టి ఈ సర్దుబాటు సరిగా జరగదు.

2001లో వెలువడిన ఒక డానిష్ అధ్యయనంలో తీవ్రమైన హార్ట్ ఫెయిల్యూర్ ఉన్న 12 మందికి మెదడులో రక్తప్రవాహం కొలిస్తే, ఆరోగ్యవంతుల కంటే దాదాపు 30 శాతం తక్కువ కనిపించింది. వాళ్ళలో కొందరికి గుండె మార్పిడి జరిగాక మళ్ళీ కొలిచారు. నెల తిరక్కుండానే ప్రవాహం మామూలు స్థాయికి వచ్చేసింది. చిన్న అధ్యయనమే, కానీ నాకు ఇది పెద్ద విషయంగా తోస్తుంది. మందగించిన మెదడంతా చచ్చిన మెదడు కాదన్నమాట.

రక్తం తగ్గడం ఒక్కటే కారణం అనుకుంటే మాత్రం పొరపాటు. నీరసించిన గుండె గదుల్లో రక్తం నిలవ ఉండి గడ్డలు కడుతుంది. గుండె లయ తప్పితే ఆ ముప్పు ఇంకా ఎక్కువ. చిన్న చిన్న ముక్కలు మెదడుకు చేరి, చేయీ కాలూ పడిపోకుండానే అక్కడక్కడ కణాల్ని చంపేస్తాయి. నిద్రలో ఊపిరి ఆగి ఆగి రావడం ఈ రోగుల్లో చాలామందికి ఉంటుంది. అలా రాత్రంతా ఆక్సిజన్ పడిపోతూ ఉంటుంది.

లాన్సెట్ అనే వైద్య పత్రిక 1977లోనే గుండె వల్ల వచ్చే డిమెన్షియా, అంటే మతీ ఆలోచనా క్షీణించే జబ్బు, గురించి సంపాదకీయం రాసింది. లెక్కలు తర్వాత వచ్చాయి. స్టాక్‌హోమ్‌లో 75 ఏళ్ళు దాటిన 1,301 మందిని తొమ్మిదేళ్ళు గమనించి 2006లో ప్రకటించిన ఫలితాల్లో, హార్ట్ ఫెయిల్యూర్ ఉన్నవాళ్ళకు డిమెన్షియా ముప్పు 84 శాతం ఎక్కువ. డిమెన్షియాలో ఒక రకమైన అల్జీమర్స్‌దీ దాదాపు అంతే. 2017లో డెన్మార్క్ వాళ్ళు మూడు లక్షల పైచిలుకు రోగుల రికార్డులు తిరగేస్తే ముప్పు 21 శాతమే ఎక్కువ తేలింది. రక్తనాళాల వల్ల వచ్చే డిమెన్షియా దాదాపు 50 శాతం పెరిగింది గానీ, అల్జీమర్స్ అసలు పెరగలేదు. ఎవరిది నిజం? ముసలి మెదళ్ళలో రెండు రకాల దెబ్బలూ కలిసే ఉంటాయి కాబట్టి, ఈ తగాదా చాలావరకు పేరు పెట్టడం దగ్గరిదే అని నా అభిప్రాయం. రక్తనాళాల వాటా ఉందన్న దగ్గర ఇద్దరికీ పేచీ లేదు.

ఇంట్లోవాళ్ళు దీన్ని పట్టుకోలేకపోవడానికి కారణం ఉంది. పెద్దాయన తన పెళ్ళికి ఎవరెవరు వచ్చారో పేర్లతో సహా చెప్పేస్తుంటాడు. మతి బ్రహ్మాండంగా ఉంది అనుకుంటారు. చాలాసార్లు ముందు దెబ్బతినేది పాత జ్ఞాపకం కాదు, శ్రద్ధ, పనిని వరసలో పెట్టుకునే శక్తి. గడియారం బొమ్మ పరీక్షలో ఇది కళ్ళకు కడుతుంది. గుండ్రం గీసి, అంకెలు వేసి, పదకొండు గంటల పది నిమిషాలు చూపించమంటారు. కొందరు పన్నెండు అంకెలూ కుడి పక్కనే ఇరికించేస్తారు. ఇంకొందరు అంకెలు చక్కగా వేసి, పెద్దముల్లును 2 మీద కాకుండా 10 మీద పెడతారు. చెవిన పడిన 'పది' చేతిని లాగేసుకుంటుంది. పొద్దుటి మాత్ర, రాత్రి మాత్ర తారుమారయ్యేదీ ఇలాంటి తికమకలోనే.

ఈ పరీక్షలు మనిషికి వచ్చిన భాషలోనే జరగాలి. బెంగళూరులో తెలుగు పెద్దావిడను కన్నడంలోనో ఇంగ్లీషులోనో అడిగితే లేని మతిమరుపు కూడా కనిపిస్తుంది. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) తయారు చేయించిన పరీక్షలు ఐదు భాషల్లో ఉన్నాయి, వాటిలో తెలుగూ కన్నడమూ ఉన్నాయి. బెంగళూరు సైన్సు సంస్థ ఐఐఎస్సీలోని మెదడు పరిశోధన కేంద్రం, సెంటర్ ఫర్ బ్రెయిన్ రీసెర్చ్ అయితే కోలారు జిల్లా శ్రీనివాసపురం పల్లెల్లో 45 ఏళ్ళు దాటిన పది వేల మందిని ఏళ్ళ తరబడి గమనించాలని పని మొదలుపెట్టింది. మామిడి తోటలకు పేరుపడ్డ ఆ ప్రాంతంలో తెలుగు బాగా వినిపిస్తుంది. మనలాంటి వాళ్ళ గుండెకూ మెదడుకూ సంబంధం ఏమిటో అమెరికా, స్వీడన్ లెక్కల్లో వెతుక్కునే బాధ కొంతైనా తగ్గుతుంది.

రాయలసీమ నుంచి బెంగళూరుకు, గుండె కోసం జయదేవ ఆసుపత్రికి, మెదడు కోసం నిమ్హాన్స్ ఆసుపత్రికి వచ్చేవాళ్ళు తక్కువేం కాదు. జబ్బుకో ఫైలు, ఫైలుకో డాక్టరు. ఏ ఊళ్ళోనైనా వైద్యం ఇలాగే చీలిపోయి ఉంటుంది. రెండు ఫైళ్ళూ ఒకే సంచిలో పెట్టి రెండు చోట్లా చూపించడం ఇంట్లోవాళ్ళ చేతిలో పని.

మందుల గురించి ఒక భయం కొన్నాళ్ళు నడిచింది. హార్ట్ ఫెయిల్యూర్‌కు ఇప్పుడు విరివిగా రాస్తున్న సాకుబిట్రిల్, నెప్రిలైసిన్ అనే ఎంజైమును అడ్డుకుంటుంది. అల్జీమర్స్‌లో మెదడులో పేరుకునే అమిలాయిడ్ అనే ప్రొటీన్‌ను విరగ్గొట్టే ఎంజైముల్లో అదీ ఒకటి. మరి ఈ మాత్ర వేసుకుంటే మెదడులో చెత్త పేరుకోదా? సహేతుకమైన అనుమానమే. పర్‌స్పెక్టివ్ అనే ట్రయల్‌లో 592 మందిని మూడేళ్ళు చూశారు. 2022లో వచ్చిన ఫలితాల ప్రకారం, సాకుబిట్రిల్ ఉన్న మాత్ర వేసుకున్నవాళ్ళకీ, ఆ మాత్రలోనే దానితో కలిపి ఉండే బీపీ మందు వల్సార్టాన్ ఒక్కటే వేసుకున్నవాళ్ళకీ జ్ఞాపకశక్తి, ఆలోచన పరీక్షల్లో తేడా లేదు. నెట్‌లో ఏదో చదివి టెన్షన్‌పడి మాత్ర ఆపేస్తే నష్టపోయేది గుండే.

గడియారం బొమ్మ తప్పిన మనిషికి మాత్రల డబ్బా అప్పగించి, 'చెప్పినట్టు వేసుకోవడం లేదు' అని కసురుకోవడంలో అర్థం లేదు. బరువు రాసే పనీ, మాత్రలు అందించే పనీ ఇంట్లో ఒకరు తీసుకోవాలి. ఆయనకు చిన్నతనంగా అనిపించకుండా చేయడం కాస్త కష్టమే.

ఇంకో సంగతి. నిన్నటిదాకా బాగానే ఉండి, రాత్రికి రాత్రే ఎక్కడున్నాడో తెలియకుండా మాట్లాడితే దాన్ని డిమెన్షియా అని సరిపెట్టుకోకూడదు. నీరు తీసే మాత్రల వల్ల సోడియం పడిపోయి ఉండొచ్చు, మూత్రంలోనో ఊపిరితిత్తుల్లోనో ఇన్‌ఫెక్షన్ ఉండొచ్చు, గుండె మళ్ళీ మొరాయించి ఉండొచ్చు. వీటిలో చాలావాటికి వైద్యం ఉంది, కాబట్టి తెల్లారేదాకా చూద్దాం అనుకోకుండా మందుల చీటీలన్నీ పట్టుకుని అప్పుడే ఎమర్జెన్సీకి వెళ్ళాలి.