పెట్టెలో మొక్క వచ్చింది, తుమ్మెద రాలేదు

పర్లాకిమిడి దాటి కొండల వైపు కాస్త లోపలికి వెళితే ఒక పాత జమీందారీ బంగళా ఉంది. పెంకులు సగం జారిపోయాయి, మేడ మీదికి ఎవర్నీ ఎక్కనివ్వరు, కానీ తోట మాత్రం బతికే ఉంది. 1936లో ఒడిశా ఏర్పడేదాకా ఈ ఊళ్లన్నీ మద్రాసు ప్రెసిడెన్సీలోవే, అప్పటి జమీందార్లకి దూరదేశాల మొక్కలు తెప్పించి పెంచుకోవడం ఒక సరదా, ఒక దర్జా కూడా. ఈ వేసవిలో మావయ్యతో కలిసి వెళ్లాను. గేటు దగ్గర తోటమాలి తాత "మద్దినం వస్తే ఏటుంటాదమ్మా, పొద్దున్నే రావాల, తుమ్మెదలు అప్పుడే గదా వచ్చేది" అన్నాడు. అందుకని మర్నాడు తెల్లారకుండానే బయల్దేరాం.

తాత అన్నది నాగలింగం చెట్టు గురించి. శివాలయాల్లో చూసే ఉంటారు, కానీ అది మన చెట్టు కాదు, దక్షిణ అమెరికా అడవులది. పువ్వులు కొమ్మల చివర కాకుండా, మన పనస, మేడి కాసినట్టు నేరుగా మాను మీదే పూస్తాయి. ఒక పువ్వు రాలిపడితే చేతిలోకి తీసుకుని దగ్గరగా చూశాను. మందంగా గులాబీరంగు రేకులు, మధ్యలో చిన్న గుండ్రటి దిమ్మె, దాని చుట్టూ వలయంగా పొట్టి కేసరాలు, వాటి మీదికి పడగలా వంగిన ఇంకో కేసరాల గుత్తి. లింగం, పడగ అని మనవాళ్లు చూసింది ఇదే. ఈ పువ్వులో తేనె లేదు, పుప్పొడే జీతం. అదీ రెండు రకాలు. పడగలోని పుప్పొడి విత్తనం కట్టడానికి పనికిరాదు, అది తినడానికే. వలయంలోని పుప్పొడి అసలు పని చేస్తుంది. పడగలో మేత ఏరుకునే తుమ్మెద ఒంటికి ఆ వలయం పుప్పొడి అంటుకుంటుంది, అది మోసుకెళ్లి ఇంకో పువ్వుకి అంటిస్తుంది. అక్కడ ఈ పని చేసేది కట్టెకి రంధ్రాలు చేసే పెద్ద నల్ల తుమ్మెదల జాతి. ఆ కోవకే చెందిన తుమ్మెదలు మన దగ్గరా ఉన్నాయి, మా దూలాల్లో గుండ్రటి రంధ్రాలు చేసేవి ఇవే! ఆ పొద్దున ఒక్కో పువ్వు దగ్గర రెండేసి తిరుగుతున్నాయి, మాను మీద ఫిరంగి గుండ్లలాంటి కాయలు వేలాడుతున్నాయి. అంటే ఈ చెట్టుకి పరాయి దేశంలో చుట్టం దొరికాడన్నమాట.

అందరికీ దొరకలేదు. నాలుగడుగులు వేస్తే విసనకర్రలా ఆకులు పరిచిన ట్రావెలర్స్ పామ్. పేరులో పామ్ ఉంది గానీ తాటి, ఈతల కుటుంబం కాదు, అరటికే దగ్గర. ఊరు మడగాస్కర్. దాని పువ్వులు గట్టి దొప్పల్లో దాగి ఉంటాయి, ఆ దొప్పలు విప్పి మూతి లోపల పెట్టి తేనె తాగేది లెమూర్ అనే కోతిలాంటి జంతువు. తాగుతుంటే మూతి చుట్టూ బొచ్చుకి పుప్పొడి అంటుకుంటుంది. గింజల చుట్టూ ఉండే పొర నీలం రంగులో మెరుస్తుంది. మనుషులు తీసుకెళ్లిన చోట తప్ప, లెమూర్లు మడగాస్కర్ వదిలి ఎక్కడా లేవు. ఇక్కడ తాత పిలకలు తీసి నాటుతుంటాడు. నాకైతే ఆ చెట్టు దగ్గర కాసేపు దిగులేసింది.

మొక్క వచ్చి తోడు రాకపోవడానికి కారణం అది వచ్చిన తీరే. ఓడ మీద ఉప్పుగాలికి, మంచినీళ్ల కరువుకి ఒకప్పుడు చాలా మొక్కలు దారిలోనే చచ్చేవి. 1829లో లండన్‌లో నథానియల్ వార్డ్ అనే డాక్టర్ ఒక పురుగు ప్యూపాను, అంటే రెక్కలు రాకముందు కదలకుండా ఉండే దశలోని పురుగుని, తడిమట్టితో మూతపెట్టిన సీసాలో ఉంచితే, దాంట్లో ఫెర్న్ మొలిచింది. పగలు మట్టిలోంచి లేచిన ఆవిరి గాజుకి తగిలి చుక్కలై మళ్లీ మట్టిలోకే దిగుతోంది, నీళ్లు పోయక్కర్లేదు, ఉప్పుగాలి తగలదు. 1833లో ఇలాంటి గాజుపెట్టెల్లో మొక్కలు లండన్ నుంచి సిడ్నీకి నెలల ప్రయాణం తర్వాత ప్రాణంతో చేరాయి. ఆ తర్వాత ప్రపంచమంతా ఈ పెట్టెలే. కానీ పెట్టెలో మొక్కకే చోటుంది, దాని తుమ్మెదకీ పిట్టకీ లేదు.

తోట వెనక గోడ దగ్గరికి వెళితే కథ తిరగబడుతుంది. గోడకి అటూ ఇటూ తలంబ్రాల చెట్టే, లంటానా. వార్డ్ పెట్టెల కన్నా ముందే, 1800ల తొలి దశాబ్దంలో కలకత్తా బొటానికల్ గార్డెన్‌కి అందం కోసం తెచ్చిన మొక్క ఇది. ఒక్క గుత్తిలోనే మధ్య పువ్వులు పసుపు, అంచువి గులాబీ. పువ్వు విచ్చినప్పుడు పసుపు, పరాగసంపర్కం అయ్యాక రంగు మారిపోతుంది, సీతాకోకచిలుకలు పసుపువాటి మీదే వాలతాయి. నల్లటి పండ్లని పికిలిపిట్టలు తిని అడవంతా విత్తనం జల్లుతాయి. ఆకులో విషం ఉంది కాబట్టి పశువులు ముట్టవు. మోయడానికి వందమంది, మేయడానికి ఒక్కరూ లేరు. అందుకే కొండవాలు పొడవునా కంపలా అల్లుకుని కింద గడ్డిని, చిన్న మొక్కల్ని ఎదగనివ్వడం లేదు. ఇది చూస్తే నాకు నిజంగా భయం. తాత ఏటా గోడ లోపలిది పీకుతాడు, బయటిది ఎవరు పీకుతారు?

సాయంత్రం మహేంద్రగిరి వైపు నుంచి మబ్బు కమ్ముకొచ్చింది. గేటు దగ్గరి నిద్రగన్నేరు, అదీ అమెరికా ఖండం నుంచి వచ్చిందే, వెలుతురు తగ్గేసరికి ఆకులు ముడిచేసింది. ఆకు మొదట్లో ఉబ్బుగా ఉండే చోట కణాల్లోంచి పొటాషియం ఒక పక్క నుంచి ఇంకో పక్కకి జరుగుతుంది, దాని వెంట నీరు పోతుంది, ఒక పక్క కణాలు సడలి ఆకు వాలిపోతుంది. వాన మొదలైతే చుక్కలు నేరుగా నేల మీదికే దిగుతున్నాయి. చెట్టు కింద తాత ఆవు నల్లటి కాయలు నములుతోంది. కాయ గుజ్జు తియ్యగా ఉంటుంది, గింజ గట్టిది, పేడలో చెక్కుచెదరకుండా బయటికొస్తుంది. గోడ పక్కన పేడకుప్పలో జానెడు మొలక ఒకటి చూపించి తాత "ఇది నేను ఏసింది కాదమ్మా" అన్నాడు.