పొడుగు గ్లాసులో నీళ్ళు ఎక్కువా?

పిల్లలూ, ఆశీస్సులు.

మీలో ఒకడు రాశాడు: "తాతయ్యా, రెండు గ్లాసుల్లో సమానంగా నీళ్ళు పోశాను. చెల్లి కళ్ళముందే ఒక గ్లాసు నీళ్ళు సన్నటి పొడుగు గ్లాసులోకి ఒంపాను. పొడుగుదాంట్లోనే ఎక్కువున్నాయని ఒకటే గొడవ. దానికెలా చెప్పను?"

చెప్పి లాభం లేదురా, చెల్లికి ఐదేళ్ళేగా! స్విట్జర్లాండులో జాఁ పియాజే అనే ఆయన సరిగ్గా ఇదే ప్రశ్న చిన్నపిల్లల్ని అడిగాడు. ఏడేళ్ళలోపు వాళ్ళు చాలామంది మీ చెల్లి మాటే అన్నారు. నీళ్ళు ఎంత పైకొచ్చాయో చూస్తారు గానీ గ్లాసు ఎంత సన్నదో పట్టించుకోరు.

మరి తెలివి ఎక్కణ్ణుంచి వస్తుంది? ఈ తగువు పెద్దవాళ్ళకే ఇంకా తేలలేదు. బుర్ర ఒక అల్మరా అనుకోండి. పుట్టినప్పుడు అది ఖాళీ, కళ్ళూ చెవులూ తెచ్చిందే లోపలికి చేరుతుందని మూడు వందల ఏళ్ళ కిందట ఇంగ్లండులో జాన్ లాక్ అన్నాడు. అంతకు రెండు వేల ఏళ్ళ ముందే గ్రీసులో ప్లేటో, సామానంతా లోపలే ఉంది, మరిచిపోయాం, తలుపు తీస్తే చాలన్నాడు. సామాను బయటిదే, అరలు మాత్రం మనవి అని జర్మనీలో కాంట్. పట్టని వస్తువు వస్తే పిల్లలు అరలే మార్చుకుంటారని పియాజే. ఆయన పుట్టిన 1896లోనే రష్యా సామ్రాజ్యంలో పుట్టిన వైగాట్‌స్కీ, పై అర అందకపోతే పక్కవాళ్ళు కాస్త ఎత్తి పట్టుకోవాలన్నాడు. ఇంకా లాగితే అల్మరా తలుపులు ఊడొచ్చేట్టున్నాయి, ఆపేస్తాను.

నా మటుకు నాకు పియాజే మాటే సబబనిపిస్తుంది. చిన్నప్పుడు చందమామ నా వెంటే వస్తాడని నేను, కాదు తన వెంటే అని నా స్నేహితుడు. తేల్చుకుందామని ఒక రాత్రి వీపులు ఆనించి నిలబడి, చెరోవైపూ నడిచాం. తిరిగొచ్చి ఇద్దరం ఒకేసారి అరిచాం, "నా వెంటే వచ్చాడు!" అని. ఇద్దరిలో ఎవరూ అబద్ధమాడలేదు. నోట మాట రాక తల పైకెత్తి నిలబడిపోయాం. చందమామ దాదాపు 3,84,000 కిలోమీటర్ల దూరంలో ఉన్నాడని చాలా కాలం తరవాత ఎవరో చెప్పారు. ఆ మాటకి అప్పటికే లోపల చోటు సిద్ధంగా ఉంది. వాడు పోట్లాడకపోతే ఆ చోటు ఏర్పడేదే కాదు, ఆ లెక్కన వైగాట్‌స్కీకీ వాటా ఉంది.

కాబట్టి చెల్లి మీద గెలవాలని చూడకు. ఆరేసి గింజలు రెండు వరసల్లో ఎదురెదురుగా పేర్చు. ఒక వరసను ఎడంగా జరిపి, ఏది ఎక్కువని అడుగు. ఏం చెప్పినా నవ్వకు. "ఎందుకమ్మా?" అని మాత్రం అడిగి, అది వేలు ఎక్కడ పెట్టి చూపిస్తుందో చూసి నాకు రాయి.

మీ తాతయ్య