మన ఊళ్ళో కలిసి వాయించేవాళ్ళు దొరకరా? నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో అపోహలు - వాస్తవాలు

పాటో గిటారో కీబోర్డో నేర్చుకున్నవాళ్ళు రెండు మూడేళ్ళు గడిచేసరికి ఒకే మాట అంటారు: "మన దగ్గర పక్కన వాయించేవాళ్ళు లేరు, మద్రాసో హైదరాబాదో పోవాల్సిందే." వాయించేవాళ్ళు ఉన్నారు. గుడి భజనలో ఒకరు, చర్చి క్వయర్‌లో ఒకరు, పద్యనాటకం హార్మోనియం దగ్గర ఒకరు, బ్యాండు మేళంలో ఒకరు. ఒకరి సంగతి ఒకరికి తెలియదు, అంతే. ఎవరిని ఏ నెలలో అడగాలో, ఏం చెప్పి అడగాలో తెలిస్తే నెల తిరక్కుండానే నలుగురు కూర్చోవచ్చు.

అపోహ: ఈ జిల్లాల్లో చెప్పుకోదగ్గ విద్య లేదు.

ఒంగోలు పక్కన కరవదిలో 1924లో పుట్టిన షేక్ చిన మౌలానా నాదస్వరంలో మద్రాసు మ్యూజిక్ అకాడమీ సంగీత కళానిధి బిరుదు (1998) దాకా వెళ్ళారు. నెల్లూరు ప్రభుత్వ సంగీత, నృత్య పాఠశాలకు 2020లో ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం పేరు పెట్టారు. వెతకడం మొదలుపెట్టేవాళ్ళు ముందు అడుగు పెట్టాల్సింది అలాంటి పాఠశాలలోనే. పాఠాలు చెప్పే మాస్టార్లకు తమ పాత శిష్యుల్లో ఎవరు ఏ ఊళ్ళో ఉన్నారో, ఎవరు ఇంకా సాధన చేస్తున్నారో తెలిసి ఉంటుంది. క్లాసులు జరిగే వేళకు కాకుండా అవి అయిపోయే వేళకు వెళ్ళండి.

అపోహ: వాట్సాప్ గ్రూపులో ఒక పోస్టు పెడితే వాళ్ళే వస్తారు.

బాగా వాయించేవాళ్ళలో చాలామంది ఆ గ్రూపుల్లో ఉండరు. ఉన్నా చూడరు. వాళ్ళను పని దగ్గరే కలవాలి. ఇక్కడ క్యాలెండర్ తెలియడం చాలా ముఖ్యం.

నాదస్వరం, డోలు, బ్యాండు, పాటల ఆర్కెస్ట్రా వాళ్ళ బతుకు ముహూర్తాల మీద నడుస్తుంది. మాఘం, ఫాల్గుణం, వైశాఖం, జ్యేష్ఠం, శ్రావణాల్లో వాళ్ళను ప్రాక్టీసుకు రమ్మంటే రారు, రాలేరు. ఆషాఢం, పుష్యం, మూఢాలు వచ్చినప్పుడు చేతిలో పని ఉండదు. కొత్త ప్రయోగానికి మనసు పెట్టేది అప్పుడే. భాద్రపదంలోనూ పెళ్ళిళ్ళు ఉండవు కదా అనుకుంటారు కానీ, వినాయక పందిళ్ళు ఆ తీరికను తినేస్తాయి.

బాప్టిస్టు మిషన్ నెల్లూరుకు 1840లో, ఒంగోలుకు 1866లో వచ్చింది. ఆనాటి నుంచి ఈ ప్రాంతపు చర్చిల్లో బృందగానం ఉంది. ఇవాళ కీబోర్డు, బేస్ గిటారు, డ్రమ్స్, రిథమ్ ప్యాడ్ వాయించే కుర్రవాళ్ళు కావాలంటే ముందు చూడాల్సింది అక్కడే. ఆదివారం పొద్దున వాళ్ళకు కుదరదు, డిసెంబరు మొత్తం కుదరదు. శనివారం సాయంత్రం క్వయర్ ప్రాక్టీసు ఉండే చోట పాస్టరు అయ్యగారిని ముందుగా అడిగి, వెనక బల్ల మీద కూర్చుని విని, అయ్యాక మాట్లాడటం పద్ధతి.

కర్ణాటక సంగీతం వైపు వాళ్ళకు పుష్య బహుళ పంచమికి జరిగే త్యాగరాజ ఆరాధనే మంచి తలుపు. నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీ రాగాల్లోని ఆయన ఐదు పంచరత్న కీర్తనలూ ఆది తాళమే. అవి వచ్చి ఉంటే బృందగానంలో కూర్చోవచ్చు. ఆ ఒక్క పూటలో మీ చుట్టూ ఎవరు శ్రుతిలో ఉన్నారో, ఎవరి చేతిలో లయ గట్టిగా ఉందో మీ చెవులకే తెలుస్తుంది. ధనుర్మాసపు భజనలు, శ్రీరామనవమి పందిళ్ళు, దసరా తొమ్మిది రోజులూ అంతే. నాటకం హార్మోనిస్టుల కోసం నెల్లూరు టౌన్‌హాలు, ఒంగోలు ఎన్టీఆర్ కళాక్షేత్రంలో పద్యనాటకం పడిన రాత్రి పక్కవాద్యాల దగ్గరికి వెళ్ళండి. పద్యం ఎత్తుకున్నవాడు ఎటు పోతే అటు శ్రుతి పట్టుకుని పోవడం అలవాటైన చెవి వాళ్ళది. కొత్త గాయకులకు అంతకు మించిన తోడు లేదు.

అపోహ: ఇద్దరికీ వాయిద్యం వస్తే చాలు, కలిసి వాయించేయొచ్చు.

మొదటి కలయికలు చెడేది ఎక్కువగా ఇక్కడే, అది కూడా కూర్చున్న పది నిమిషాల్లోనే. కారణం శ్రుతి, అంటే పాటకు ఆధారంగా పెట్టుకునే షడ్జమం ('స') ఏ ఎత్తులో ఉందన్నది.

హార్మోనియం మీద తెల్ల మెట్లకు అంకెలు, నల్ల మెట్లకు 'న్నర'లు. ఒకటి అంటే కీబోర్డు వాళ్ళ సి, ఒకటిన్నర సి షార్ప్, రెండు డి, ఐదు జి, ఐదున్నర జి షార్ప్. మగగొంతులు ఎక్కువగా ఒకటి నుంచి రెండు లోపల, ఆడగొంతులు నాలుగున్నర నుంచి ఆరు లోపల ఉంటాయి. మృదంగం షడ్జమానికి కడతారు. ఒక మృదంగాన్ని అర శ్రుతో, మహా అయితే ఒక శ్రుతో అటూ ఇటూ జరపొచ్చు. అంతకు మించి ఎక్కిస్తే కుడి మూత చిరుగుతుంది, దించితే నాదం చచ్చిపోతుంది. అందుకే తగ్గు శ్రుతికి ఇరవైనాలుగు అంగుళాల మృదంగం, హెచ్చు శ్రుతికి ఇరవైరెండు అంగుళాలది వేరువేరుగా ఉంటాయి. "మృదంగం తీసుకురండి" అని మాత్రమే చెబితే ఆయన తన దగ్గరున్నది తెస్తారు. గాయని ఐదున్నరలో పాడితే ఆ సాయంత్రం పోయినట్టే. తబలా కుడి అంత కట్టుబడి ఉండదు, షడ్జమం కుదరకపోతే పంచమానికో మధ్యమానికో కలుపుకుంటారు. వయొలిన్ ఏ శ్రుతికైనా వస్తుంది. వేణువుకు శ్రుతికొకటి కావాలి. వీణ రెండు నుంచి మూడు మధ్యలో పలుకుతుంది కాబట్టి ఐదు శ్రుతి గాయనికి వీణ పక్కన పెట్టాలనుకునేవాళ్ళు ముందే ఆలోచించుకోవాలి. బారి నాదస్వరం రెండు, రెండున్నర దగ్గర ఉంటుంది.

బ్యాండు మేళం క్లారినెట్ వాళ్ళతో ఇంకో చిక్కు ఉంది. ఆ క్లారినెట్ చాలావరకు బి ఫ్లాట్ వాయిద్యం. ఆయన 'సి' అని వాయిస్తే బయటికి వినపడేది ఆరున్నర. మీ కీబోర్డు సి కి కలవాలంటే ఆయన తన వేళ్ళ లెక్కలో డి నుంచి మొదలుపెట్టాలి. ట్రంపెట్ కూడా అంతే. ఈ సంగతి తెలియక ఆయనకు వాయించడం రాదనుకుని వదిలేసుకుంటారు. చాలా బాధ కలిగించే విషయం ఇది, ఎందుకంటే నలభై ఏళ్ళు ఊపిరి పెట్టిన మనిషి ఆయన.

పాత హార్మోనియాలు కీబోర్డుతో సరిగ్గా కలవవు. రీడ్లను అప్పటికప్పుడు సరిచేయలేం కాబట్టి కీబోర్డు ట్యూనింగ్ సెట్టింగును హార్మోనియానికి జరపండి. నాదస్వరంతోనూ అదే పని. ఇక మన సముద్రపు గాలి తేమకు చర్మవాద్యాల శ్రుతి దిగుతుంది, వేదిక లైట్ల వేడికి ఎక్కుతుంది. మృదంగం ఎడమ మూతకు తడి రవ్వ ముద్ద పెట్టి, శ్రుతి చేసుకుని, వాద్యం నిలదొక్కుకోవడానికి ఇరవై నిమిషాలు ఇవ్వండి. ఆ ఇరవై నిమిషాలు ఫోన్లో తంబూరా మోగుతూ ఉండాలి, మాటలు ఉండకూడదు.

అపోహ: శాస్త్రీయం వాళ్ళకు, సినిమా పాటల వాళ్ళకు పొసగదు.

పొసగనిది భాషే. ఒకరు స్వరాలు చెబుతారు, ఇంకొకరు కార్డ్స్ అడుగుతారు, మూడోవారికి కాగితమే అవసరం లేదు. పాటకొక్క పేజీ రాసుకోండి: శ్రుతి, తాళం, ఎత్తుగడ తాళం మొదటి దెబ్బ (సమం) మీదా, అది దాటాకా (అనాగతం), పల్లవి ఎన్నిసార్లు, మధ్యలో ఎవరికి ఎన్ని ఆవర్తనాలు (తాళం పూర్తి చుట్లు), ముగింపు ఎలా. ఆది తాళం ఎనిమిది అక్షరాలు (లెక్కలు) కీబోర్డు వాళ్ళకు నాలుగేసి దెబ్బల రెండు బార్లు. మూడేసి లెక్కల తిశ్రం నడకను వాళ్ళు సిక్స్ ఎయిట్ అంటారు. అన్నిటికంటే ఎక్కువగా చెడేది ముగింపు. తీర్మానం (మూడుసార్లు వాయించే ముగింపు జతి) మూడోసారి పడ్డాక ఆగాలని మృదంగం అనుకుంటుంది, డ్రమ్స్ ఇంకో బారు కొడుతుంది. ముగింపును మాత్రమే ఐదుసార్లు విడిగా వాయించి చూడండి.

అపోహ: "ఎప్పుడైనా కలుద్దాం సార్" అంటే సరిపోతుంది.

అలా అన్నవాళ్ళు కలవరు. ఇలా పంపండి:

"నమస్కారం మాస్టారూ. దర్గామిట్ట నుంచి రాస్తున్నాను. నాది గాత్రం, ఐదున్నర శ్రుతి. ఆది, రూపక తాళాల్లో ఆరు కీర్తనలు తయారుగా ఉన్నాయి. వచ్చే ఆదివారం సాయంత్రం నాలుగు నుంచి ఆరు దాకా మీరు తబలా మీద కూర్చోగలరా? కచేరీ ఏమీ లేదు, సాధన కోసమే. రానూపోనూ ఖర్చు నేను పెట్టుకుంటాను. నా పాట రెండు నిమిషాలు ఇక్కడ పెడుతున్నాను."

మొదటిసారి రెండు గంటలు చాలు, పాటలు మూడు చాలు. ఒకరు నెల్లూరు, ఒకరు ఒంగోలు అయితే కావలిలో కలవండి. అటు యాభై, ఇటు అరవైఐదు కిలోమీటర్లు, రైలూ బస్సూ రెండూ ఉన్నాయి. మార్కాపురం, కనిగిరి వైపు వాళ్ళను ఒంగోలుకు రమ్మంటే రోజంతా పోతుంది. వాళ్ళ దగ్గరికి మీరు ఒకసారి వెళ్ళండి.

అపోహ: కలిసి వాయించుకోవడంలో డబ్బు మాట ఎందుకు?

వాద్యమే వృత్తి అయినవాళ్ళకు ఆ రెండు గంటలు కూలి పోగొట్టుకున్న పూట. సాధన ఉచితమా కాదా, కచేరీ వస్తే ఎవరికెంత, దారి ఖర్చు ఎవరిది, మైకు సెట్టు ఎవరిది అన్నవి మొదటి రోజే తేల్చుకోవాలి. బయానా ఇచ్చి తేదీ ఖాయం చేసుకోండి, మిగతాది వేదిక దిగగానే చేతికివ్వండి. డప్పు, డోలు కళాకారులను "ఊరికే వచ్చి ఒక దరువు వేసి పో" అని పిలవడం మన దగ్గర ఇంకా ఉంది. అది మానాలి.

అపోహ: దూరమైతే వీడియో కాల్లో కలిసి వాయించొచ్చు.

కుదరదు. శబ్దం మీటరు దూరం పోవడానికి సుమారు 3 మిల్లీసెకన్లు. ముప్పై మిల్లీసెకన్ల ఆలస్యం అంటే పది మీటర్ల అవతల కూర్చున్నట్టు, లయ అక్కడే లాగడం మొదలవుతుంది. మామూలు కాల్లో ఆలస్యం వంద దాటుతుంది. నిమిషానికి 120 దెబ్బల వేగంలో వంద మిల్లీసెకన్లంటే దెబ్బలో ఐదో వంతు. కాల్లో పాట ఎంచుకోండి, స్వరాలు చెప్పుకోండి. వాయించడం మాత్రం ఒకరి తర్వాత ఒకరు చేయాలి: ఒకరు తంబూరా, క్లిక్ (లయ చెప్పే టిక్కు టిక్కు శబ్దం) వేసి, మొదట ఒక ఆవర్తనం ఖాళీ లెక్క పెట్టి, మిగతావాళ్ళు వింటూ వాయించడానికి గైడ్ ట్రాక్ చేస్తారు. మిగతావాళ్ళు హెడ్‌ఫోన్‌లో వింటూ, ఆ ట్రాక్ మొదటి సెకను నుంచే రికార్డు చేసి, 48 కిలోహెర్ట్జ్ వేవ్ ఫైలుగా పంపుతారు. వాట్సాప్‌లో పంపితే డాక్యుమెంటుగానే పంపండి. వాయిస్ మెసేజీగా పంపితే నాణ్యత పడిపోతుంది.

అపోహ: ఇల్లు మనది, ఎంతసేపైనా వాయించుకోవచ్చు.

రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా లౌడ్‌స్పీకర్ నిషేధం. నివాస ప్రాంతంలో పగటి పరిమితి 55 డెసిబెల్స్, రాత్రి 45. డ్రమ్స్ ఉంటే ఇల్లు పనికిరాదు. మధ్యాహ్నం ఖాళీగా ఉండే కల్యాణ మండపం భోజనశాల అడగండి.

అపోహ: పేరు వేస్తే సినిమా పాట రికార్డింగు ఎక్కడైనా పెట్టుకోవచ్చు.

పేరు వేయడం అనుమతి కాదు. బాణీ, సాహిత్యం హక్కులు సృష్టికర్త మరణించాక 60 ఏళ్ళ దాకా ఉంటాయి. త్యాగరాజు 1847లోనే పోయారు కాబట్టి ఆయన కృతులకు ఆ చిక్కు లేదు. అయితే వేరొకరు వాయించిన రికార్డింగును మీ వీడియోలో కలిపితే దాని హక్కు వాళ్ళదే. మీరు నలుగురూ కలిసి చేసిన రికార్డింగు ఎవరి ఛానెల్‌లో పెట్టాలి, వాద్యకారుల పేర్లు ఎలా రాయాలి అన్నది పెట్టకముందే నలుగురూ ఒప్పుకుని ఒక మెసేజీలో రాసుకోండి.