రోమ్ చూడబోయేవారి అపోహలు – వాస్తవాలు: అన్నిటికన్నా ముందు కొలోసియం టికెట్టు సంగతి

తెలుగు కుటుంబాలను చిన్న బృందాలుగా యూరప్‌కు తీసుకెళ్ళే టూర్ మేనేజరుగా నేను చాలా ఏళ్ళుగా పనిచేస్తున్నాను. ఇటలీలో చారిత్రక కట్టడాల గురించి వివరించి చెప్పే అధికారం అక్కడి లైసెన్సు పొందిన గైడుకే ఉంటుంది. బృందాన్ని వేళకు గేటు దగ్గరికి చేర్చి, అందరూ లోపలికి వెళ్ళేలా చూసి, సాయంత్రానికి క్షేమంగా హోటలుకు తీసుకురావడం నా పని. పురాతన రోమన్ల క్రీడారంగమైన కొలోసియం గేటు దగ్గర ఏటా టికెట్టు చిక్కుతోనే మనవాళ్ళు వెనక్కి తిరగడం చూస్తున్నాను. గత నెలలో కూడా మూడు కుటుంబాలు ఫోను చేసి ఆ టికెట్టు గురించే అడగడంతో దీన్ని రాయక తప్పలేదు.

అపోహ: కొలోసియం టికెట్టు అక్కడికి వెళ్ళాక కొనుక్కోవచ్చు, ఎవరి పేరు మీద ఉన్నా ఫరవాలేదు.

వాస్తవం: ఈ రెండు మాటలూ తప్పే, రెండోది మరీ ప్రమాదకరం. 2023 అక్టోబరు నుంచి కొలోసియం టికెట్టు మీద సందర్శకుడి పేరు ఉండాలి, ఆ పేరు గుర్తింపు పత్రంలో ఉన్న పేరుతో సరిపోవాలి. ఒక్కొక్క టికెట్టుకూ ప్రవేశ సమయం రాసి ఉంటుంది. ఆ సమయం దాటాక వచ్చి బతిమాలుకుంటే పంపిస్తారన్న భరోసా లేదు. కొలోసియం పురావస్తు పార్కు అధికారిక వెబ్‌సైటులో మామూలు టికెట్లు సందర్శన తేదీకి 30 రోజుల ముందు విడుదలవుతాయి, వేసవి నెలల్లో ఉదయం వేళలు త్వరగా అయిపోతాయి. అక్కడి కౌంటరులో ఆ రోజుకు మిగిలినవేమైనా ఉంటే ఉండవచ్చు గాని, రెండు రోజుల కోసం రోమ్ వచ్చిన కుటుంబం తన యాత్రనంతా ఆ "ఉంటే"కు అప్పగించడం నాకు ఎన్నటికీ సమ్మతం కాదు.

మన తెలుగువాళ్ళకు ఇక్కడ ఇంకొక చిక్కు ఉంది. ఇంట్లో, ఉద్యోగంలో, బ్యాంకులో మన ఇంటిపేరు ఒక్క అక్షరంగానే సాగిపోతుంది. పాస్‌పోర్టులో మాత్రం అది పూర్తిగా విస్తరించి, ఒక్కోసారి రెండు మూడు పదాలుగా ఉంటుంది. టికెట్టు కొనేటప్పుడు అలవాటుకొద్దీ ఇంటిపేరు గడిలో ఒక్క అక్షరం వేసేవారిని, పిల్లలు పిలిచే ముద్దుపేరు రాసేవారిని, నలుగురి టికెట్లూ కార్డు ఎవరిదైతే వారి పేరు మీదే తీసేవారిని నేను చూశాను. పాస్‌పోర్టు మొదటి పేజీని పక్కన పెట్టుకుని, ఒక్కొక్కరి పేరూ అక్షరం తప్పకుండా అందులో ఉన్నట్టే రాయండి. చూడటానికి వెళ్ళే రోజున అసలు పాస్‌పోర్టునే వెంట తీసుకెళ్ళండి. జేబుదొంగల భయంతో దాన్ని హోటల్లో దాచి రావడం అర్థం చేసుకోదగ్గదే గాని, చొక్కా లోపల నడుముకు కట్టుకునే పల్చటి సంచీ ఆ భయానికి చాలు.

2024 జూన్‌లో మా బృందంతో తెనాలి ప్రాంతపు విశ్రాంత ఉపాధ్యాయులొకరు, ఆయన భార్య వచ్చారు. మిగతా ఏర్పాట్లన్నీ మావే అయినా, కొలోసియం టికెట్లు మాత్రం అమెరికాలో ఉన్న కుమారుడు వేరే చోట కొని ఫోనుకు పంపించాడు. గేటు దగ్గర ఉద్యోగిని ఫోను చూసి, పాస్‌పోర్టులు చూసి, తల అడ్డంగా ఊపింది: రెండు టికెట్లూ కుమారుడి పేరు మీదే ఉన్నాయి. పావుగంట సేపు నేను చేసిన ప్రయత్నమేదీ ఫలించలేదు, ఆ రోజుకు వేరే టికెట్లూ దొరకలేదు. ముప్ఫై ఏళ్ళు పిల్లలకు సాంఘిక శాస్త్రం చెప్పిన మనిషి కొలోసియం దగ్గరే ఉన్న కాన్‌స్టాంటైన్ చక్రవర్తి విజయతోరణం పక్కన ఎండలో నిలబడి, "పోనీలే నాయనా, బయటి నుంచైనా చూశాను కదా" అన్నారు. ఆయన భార్య నన్ను పక్కకు పిలిచి, ఈ సంగతి అబ్బాయికి చెప్పవద్దని కోరారు. ఆ సాయంత్రం వారిద్దరినీ కాపిటోలిన్ కొండ మీదికి తీసుకెళ్ళాను. నగర పాలక భవనం పక్క నుంచి వెళ్తే ప్రాచీన రోమ్ నగర కూడలి శిథిలాలైన రోమన్ ఫోరం మొత్తం కాళ్ళ కింద పరుచుకుని, దాని చివర కొలోసియం కనిపిస్తుంది. అక్కడ చూడటానికి రుసుము లేదు. మాస్టారు చీకటి పడేదాకా అక్కడినుంచి కదలలేదు. అయినా ఆయన అంత దూరం నుంచి వచ్చింది దానికోసం కాదు, ఆ రోజు గుర్తొస్తే ఇప్పటికీ నాకు మనసు కష్టంగానే ఉంటుంది.

టికెట్లు దొరకనప్పుడు మెట్రో మెట్ల దగ్గర చేతిలో కార్డులు పట్టుకుని పిలిచేవారి వైపు వెళ్ళకండి. 2025లో ఇటలీ పోటీ నియంత్రణ సంస్థ, ఆటోమేటిక్ సాఫ్ట్‌వేరుతో టికెట్లను మూటగట్టుకుని ఎక్కువ ధరకు అమ్మిన ఆరు పర్యాటక సంస్థలకు, దాన్ని అడ్డుకోని నాటి టికెట్ల నిర్వాహకులకు కలిపి దాదాపు 2 కోట్ల యూరోల జరిమానా వేసింది. అంటే టికెట్లు దొరకడం లేదన్న మీ బాధ నిజమైనదే. దానికి మందు అధికారిక సైటులో 30 రోజుల ముందే మేలుకోవడం, లేదా లైసెన్సు ఉన్న గైడుతో వెళ్ళే బృందంలో మీ పేర్లను సరిగ్గా నమోదు చేయించుకోవడం.

"క్యూ లేని టికెట్టు" అన్న మాటను కూడా నమ్మకండి. అది టికెట్టు కొనే క్యూను మాత్రమే తప్పిస్తుంది. విమానాశ్రయంలో మాదిరి భద్రతా తనిఖీ అందరికీ ఉంటుంది, పెద్ద సంచులనూ గాజు సీసాలనూ లోపలికి రానివ్వరు. 18 ఏళ్ళలోపు పిల్లలకు రుసుము లేదు కదా అని వారిని లెక్కలో వేయకపోవడం మరో పొరపాటు. సున్నా ధరకే అయినా వారి పేరు మీదా టికెట్టు తీయాలి. కొలోసియం, ఫోరం, దాని పక్కనున్న పాలటైన్ కొండ మూడూ ఒకే టికెట్టులో వస్తాయని తెలియక, కొలోసియం చూసి బయటపడి నేరుగా భోజనానికి వెళ్ళిపోయేవారిని చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది.

అపోహ: వాటికన్‌లోని పెద్ద చర్చి సెయింట్ పీటర్స్ బసిలికాలోకి వెళ్తే సిస్టీన్ చాపెల్ అనే ప్రార్థనా మందిరం కూడా చూసినట్టే.

వాస్తవం: కాదు. బసిలికాలోకి ప్రవేశం ఉచితం. మైకెలాంజెలో 1508 నుంచి 1512 వరకు పైకప్పు చిత్రించిన సిస్టీన్ చాపెల్ వాటికన్ మ్యూజియంలలో భాగం, వాటికి టికెట్టు ఉండాలి. మ్యూజియంల ప్రవేశద్వారం బసిలికా ముందున్న చౌకులో ఉండదు, వాటికన్ గోడ వెంబడి పావుగంటకు పైగా నడవాలి. మ్యూజియంలు ఆదివారాలు మూసి ఉంటాయి. నెలలో చివరి ఆదివారం మాత్రం కొన్ని గంటలు ఉచితంగా తెరుస్తారు, ఆ రోజు రద్దీ ఎక్కువ. బసిలికాలో భుజాలూ మోకాళ్ళూ కప్పుకోవాలి: చీర కట్టుకున్న అమ్మకు ఇబ్బంది రాదు, పొట్టి నిక్కరు వేసుకున్న కొడుకును ఆపేస్తారు. గోపురం ఎక్కడానికి లిఫ్టు ఉందని పెద్దవారికి ధైర్యం చెప్పేవారు ఒక సంగతి తెలుసుకోవాలి. మొత్తం 551 మెట్లు, లిఫ్టు మధ్యలోని మిద్దె దాకానే వెళ్తుంది, ఆ తరువాత ఇంకా 320 మెట్లు ఇరుకు దారిలో ఎక్కాలి. మోకాళ్ళ నొప్పి ఉన్నవారు మిద్దె దగ్గరే ఆగిపోతే ఏ లోటూ లేదు.

అపోహ: రోమ్‌లో అడుగడుగునా దొంగలు, మంచినీళ్ళు కూడా కొనుక్కోవాలి.

వాస్తవం: రోమ్ ప్రధాన రైల్వే స్టేషను తెర్మినీలో, మెట్రోలో, కిక్కిరిసిన బస్సుల్లో జేబుదొంగలు ఉన్నారు, అక్కడ సంచిని ముందుకు వేసుకోవాలి, అంతకుమించి నిద్ర చెడగొట్టుకోనక్కరలేదు. 1874లో మొదలైన "నసోనె" అనే ఇనుప కొళాయిలు వీధివీధినా ఉన్నాయి, వాటి నుంచి నిరంతరం పారే నీరు తాగడానికి పనికొస్తుంది. ఒక్క సీసా వెంట ఉంచుకోండి. శాకాహారులు మాత్రం ఒకటి గమనించాలి: పార్మిజానో, పెకొరీనో రొమానో అనే జున్నుల (చీజ్‌ల) తయారీలో దూడ, గొర్రెపిల్లల కడుపు నుంచి తీసిన పదార్థాన్ని వాడతారు. నిష్ఠగా ఉండేవారికి జున్ను వేయని మరినారా పిజ్జా ఉంది.

అపోహ: పురాతన రోమన్ ఆలయమైన పాంథియన్ గోపురం నడిమి రంధ్రంలోంచి వాన లోపలికి పడదు.

వాస్తవం: పడుతుంది. లోపలి వేడిగాలి చినుకులను పైకి తన్నేస్తుందన్నది కేవలం పుకారు. 43 మీటర్లకు పైగా వెడల్పు, నేల నుంచి అంతే ఎత్తు ఉన్న ఆ గోపురం ఇనుప ఊచలు లేకుండా కాంక్రీటుతో కట్టినది, రెండో శతాబ్దంలో హాడ్రియన్ చక్రవర్తి కాలం నాటిది. నడుమ ఉన్న దాదాపు 9 మీటర్ల కన్ను పూర్తిగా తెరిచే ఉంటుంది. 2023 జులైలో ప్రవేశానికి రుసుము పెట్టారు, అప్పుడు అది 5 యూరోలు. చినుకులు పడే రోజు వెళ్తే నడుమ కొంత మేర తాడు కట్టి ఉంటుంది. ఆ తాడు ఇవతల నిలబడి కిందికి చూడండి: పాలరాతి నేల కొద్దిగా వాలుగా ఉంటుంది, వాన నీరు దాని మీదుగా జారి చిన్న చిన్న రంధ్రాల్లోంచి పాతకాలపు కాలువలోకి వెళ్ళిపోతూ కనిపిస్తుంది.