బెదిరింపుకు, హత్యకు మధ్య రెండు రోజులు

విలేకరుల రక్షణకు ప్రత్యేక చట్టం కావాలన్న మాట నల్లగొండ, పాలమూరు వైపు మళ్లీ లేచింది. నిజాం కాలపు నీలగిరి, గోలకొండ పత్రికల చరిత్ర ఇక్కడివాళ్లకు కొత్త కాదు కాబట్టి నేరుగా 1948 ఆగస్టుకు వెళ్దాం.

అప్పటికి హైదరాబాద్ సంస్థానంలో పల్లెలు తగలబడుతున్నాయి. విలేకరి షోయబుల్లాఖాన్ అంతకుముందు మన తలకొండపల్లి మందుముల నర్సింగరావు నడిపిన 'రయ్యత్'లో పనిచేశాడు. సర్కారు దాన్ని మూయించింది. 1947 నవంబరులో సొంతంగా 'ఇమ్రోజ్' ఉర్దూ దినపత్రిక పెట్టాడు. వెనక నిలబడ్డవాళ్లలో బూర్గుల రామకృష్ణారావు ఒకరు. సంస్థానం భారత్‌లో కలవాలని ఆ పత్రిక రాసింది. నిజాం పక్షాన ఆయుధాలు పట్టిన రజాకార్లకు అది ద్రోహంగా కనిపించింది.

ఆగస్టు 19న జమ్రుద్ మహల్ సభలో రజాకార్ల నాయకుడు ఖాసిం రజ్వీ, తమకు ఎదురు రాసే చేతులు మిగలవని హెచ్చరించాడు. నా దృష్టిలో అసలు మలుపు ఇదే. అది చాటుగా అన్న మాట కాదు. నిండు సభలో అన్నాడు, సర్కారు విని ఊరుకుంది. 21 రాత్రి పని ముగించుకుని ఇంటికి వెళ్తున్న షోయబుల్లాఖాన్‌ను కాచిగూడ దగ్గర లింగంపల్లి చౌరస్తాలో కాల్చారు, చేయి నరికారు. వెంట ఉన్న బావమరిది మీదా దాడి చేశారు. తెల్లారేసరికి షోయబుల్లాఖాన్ ప్రాణం పోయింది. నిండా ముప్పై ఏళ్లు లేవు.

నెల తిరగకముందే నిజాం లొంగిపోయాడు. తర్వాత రజ్వీ మీద కేసులు నడిచాయి. ఏడేళ్ల శిక్ష నిలిచింది మాత్రం మన బీబీనగర్ దోపిడీ కేసులో.

ఉన్న సెక్షన్లే చాలు, కొత్త చట్టం ఎందుకని అడిగేవాళ్లున్నారు. మహారాష్ట్ర 2017లోనే చట్టం చేసింది, విలేకరిపై దాడికి మూడేళ్ల దాకా జైలు. ఛత్తీస్‌గఢ్ శాసనసభ 2023లో బిల్లు ఆమోదించింది. అయినా 2025 జనవరిలో, అక్కడి బీజాపూర్‌లో రోడ్డు పనుల అవినీతిని బయటపెట్టిన విలేకరి ముకేశ్ చంద్రాకర్ శవం సెప్టిక్ ట్యాంకులో దొరికింది. కాగితం మీది చట్టం ఒక్కటే కాపాడదు, నిజమే. కానీ దెబ్బ పడ్డాక పనికొచ్చే సెక్షన్లు, బెదిరింపు ఫోన్ వచ్చిన రోజున పనికి రావడం లేదు. అడుగుతున్నది ఆ రోజు కోసమే.

మండల విలేకరికి చాలాచోట్ల జీతం ఉండదు. చేతిలో ఉంటే సర్కారు ఇచ్చే అక్రిడిటేషన్ (విలేకరి గుర్తింపు) కార్డు, లేకపోతే అదీ లేదు. ఇసుక ట్రాక్టర్ల మీద వార్త రాస్తే, ఆ ట్రాక్టర్ యజమాని పక్క వీధిలోనే ఉంటాడు. రాత్రి ఫోన్ వస్తుంది. పొద్దున ఠాణాకు వెళ్తే, ఇంకా ఏమీ జరగలేదు కదా అని తిప్పి పంపుతారు. టెన్షన్‌తో ఇంటికొచ్చి, ఆ రోజు వార్త పంపాలా వద్దా అని ఇంట్లోవాళ్లతో మాట్లాడుకుంటాడు.