ఒక్క గొంతులో రాప్, రాక్: మైకు సెట్టు దగ్గరి నుంచి అపోహలు, వాస్తవాలు

అనంతపురంలో మైకు సెట్లు కట్టడం నా వృత్తి. పెళ్లిళ్లు, జాతరలు, పద్యనాటకాలు, వేసవికి ముందు కాలేజీ వార్షికోత్సవాలు. మొన్నటి వార్షికోత్సవాల్లో ఒక కుర్రవాడికి సౌండు చూశాను. మొదటి అరగంట రాప్ చెప్పాడు, తర్వాత గిటారు మెడలో వేసుకుని రాక్ పాడాడు, చివర్లో రెండూ కలిపేశాడు. వైర్లు చుట్టుకుంటుంటే చెవిన పడిన వ్యాఖ్యలకు ఇక్కడ బదులు చెబుతున్నాను.

అపోహ: రాప్‌లో నెగ్గలేనివాళ్లే రాక్ వైపు వెళతారు.

అమెరికాలో మెషీన్ గన్ కెల్లీ అనే గాయకుడి సంగతి చూడండి. 2012 నుంచి రాప్ ఆల్బములు తెచ్చి పేరు సంపాదించాకే, 2020లో బ్లింక్-182 అనే రాక్ బృందపు డ్రమ్మర్ ట్రావిస్ బార్కర్‌తో కలిసి రాక్ ఆల్బము చేశాడు. అమెరికాలో ఆల్బములకు వరుస ఇచ్చే బిల్‌బోర్డ్ 200 పట్టికలో అతనికి మొదటి స్థానం తొలిసారి దక్కింది దానితోనే. ఈ రెండు సంగీతాల పొత్తు కూడా కొత్తది కాదు. రాప్ బృందం రన్-డీఎంసీ, రాక్ బృందం ఏరోస్మిత్ కలిసి పాడింది 1986లో. 2000లో మొదటి ఆల్బము తెచ్చిన లింకిన్ పార్క్ బృందం మన హాస్టళ్లలో ఎంతగా మోగిందో నా ఈడువాళ్లకు గుర్తే. అయితే అక్కడ రాప్ ప్రధానంగా మైక్ షినోడాది, గొంతెత్తి పాడటం చెస్టర్ బెన్నింగ్టన్‌ది. ఆ రెండు పనులూ ఒక్కడే చేస్తే అది వేరే లెక్క.

అపోహ: మనిషి ఒక్కడే, మైకు ఒక్కటే. సౌండు వాళ్లకు కొత్తగా పనేముంది?

అసలు పనంతా ఇక్కడే ఉంది. రాప్‌లో మాట అర్థం కావాలంటే హల్లులు వినబడాలి. వాటి పదును ఎక్కువగా 2000 నుంచి 4000 హెర్ట్జ్ మధ్య ఉంటుంది. గరగరలాడే గిటారు కూడా సరిగ్గా అక్కడే కూర్చుంటుంది. వెనుక డ్రమ్ము, బేసు తప్ప ఏమీ లేనప్పుడు తేటగా వినబడిన మాట, గిటారు మొదలవగానే మునిగిపోతుంది. అప్పుడు గొంతు ఫేడరు, అంటే శబ్దం పెంచే మీట, పైకి తోయడం మా వాళ్లలో చాలామంది చేసే తప్పు. గిటారులోనే ఆ భాగాన్ని కాస్త తగ్గించి మాటకు చోటివ్వాలి.

రెండోది చేతి అలవాటు. రాప్ చెప్పేవాళ్లు మైకు జాలీని పిడికిట్లో మూసేస్తారు. అలా మూస్తే ముందువైపు శబ్దాన్నే ఎక్కువగా పట్టవలసిన మైకు అన్ని వైపులా పడుతుంది. పాడేవాడు తన పాట వినడానికి కాళ్ల దగ్గర పెట్టే స్పీకరు, మానిటరులోంచి గిటారు వస్తుంటే ఇక కీచుమనక తప్పదు. ఆ రోజు సరిగ్గా అదే జరిగింది. తప్పు నాదే. రాక్ భాగానికి రెండో అమరిక మిక్సరులో, అంటే శబ్దాలన్నీ కలిపి సరిచూసే పెట్టెలో, ముందే దాచి పెట్టుకోలేదు. మూడు సెకన్లపాటు మైదానమంతా చెవులు మూసుకుంది.

ఇక ఊపిరి. ముందువరుసలో పద్యనాటకాల హార్మోనియం పెద్దాయన ఒకరు ఉన్నారు. ఆయనకు రాప్ నచ్చలేదు, దాచుకోలేదు కూడా. కానీ అందరిలోకీ సరైన ప్రశ్న ఆయనదే: ‘వీడు ఊపిరి ఎక్కడ తీస్తున్నాడు నాయనా?’ బుర్రకథలో కథకుడు వచనం నుంచి పాటకు ఎగబాకే ముందు వంతలు ‘తందాన తాన’ అందుకుంటారు కదా, ఆ కాస్త వ్యవధే అతనికి ఊపిరి. రాప్‌లో పక్కన నిలబడి చరణం చివరి మాట అందుకునే జోడీదీ అదే పని. ఈ కుర్రవాడికి జోడీ లేడు. అందుకే రాప్ ముగిసి పై స్థాయి పాట ఎత్తుకునే ముందు ఒంటరి గిటారు వాయింపు పెట్టుకున్నాడు. జనం దాన్ని గిటారు గొప్ప అనుకుని ఈలలు వేశారు. నేనైతే అతని భుజాలు లేచి దిగడం చూస్తున్నాను.

అపోహ: ల్యాప్‌టాప్‌లోంచి ముందే రికార్డు చేసిన ట్రాకు వస్తోందంటే మోసమే.

రాప్‌లో నేల అదిరే ఆ బేసుకు మూలం 1980లో రోలాండ్ కంపెనీ తెచ్చిన టీఆర్-808 యంత్రం. మామూలు డ్రమ్ము ఆ సాగుడు ఇవ్వదు కనుక ట్రాకు వాడతారు. చెవిలో తాళం టిక్కుటిక్కుమంటుంటే తప్పకుండా దానితో నడవడం డ్రమ్మరుకు చిన్న పరీక్షేమీ కాదు. ప్రధాన గొంతు కూడా ట్రాకులోదే అయితే మాత్రం నాకు తెలిసిపోతుంది. మైకు దించినా పాట ఆగదు, నా మిక్సరులో ఆ మైకు దీపం మాత్రం వెలగదు.

అపోహ: శబ్దం ఎంత పెంచితే అంత రాక్.

85 డెసిబెల్స్ దగ్గర చెవి ఎనిమిది గంటలు ఓర్చుకుంటుందని ఒక ప్రమాణం. ఆపై ప్రతి మూడు డెసిబెల్స్‌కూ ఆ సమయం సగమవుతుంది. 100 దగ్గర మిగిలేది పావుగంట. బేసు పెట్టెల ముందు నిలబడి వీడియో తీసే పిల్లలకు ఇది ఎన్నిసార్లు చెప్పినా నవ్వుతారు. ప్రత్యేక అనుమతి లేనిదే రాత్రి 10 దాటాక ఆరుబయట మోగించకూడదని 2000 నాటి శబ్ద కాలుష్య నియమాలు ఎటూ ఉన్నాయి. గొంతు, గిటారు పాళ్లు సరిగ్గా వినాలంటే మిక్సరు పక్కకు వచ్చి నిలబడండి, నేను వినేదే మీకూ వినబడుతుంది. చెవి బిరడాలు నా జేబులో ఎప్పుడూ రెండు జతలు ఉంటాయి. అడిగితే ఒకటి ఇస్తాను.